వందేళ్ల ఎర్ర బస్సు

2026 జులై 15 నాటికి మన ముంబయి బస్సుకు వందేళ్లు నిండుతాయి. 1926లో సరిగ్గా ఆ రోజున కొలాబా వైపు ఉన్న అఫ్గాన్ చర్చి నుంచి క్రాఫర్డ్ మార్కెట్ దాకా మొదటి మోటారు బస్సు నడిచింది. చరిత్ర వ్యాసం రాయమని మా సోషల్ టీచర్ చెప్పినప్పుడు మా తరగతిలో చాలామంది కోటల మీద, రాజుల మీద రాశారు. నేను బస్సు మీద రాస్తానంటే ఒకరిద్దరు నవ్వారు. "రోజూ ఎక్కి దిగే బస్సుకు చరిత్రేంటి?" అన్నారు. మన తెలుగువాళ్లలో ఒక వెక్కిరింపు మాట కూడా ఉంది కదా, పట్నానికి కొత్తగా వచ్చి దిక్కులు చూసేవాణ్ణి "ఎర్ర బస్సెక్కి వచ్చావా?" అంటారు. ముంబయిలో ఆ మాట చెల్లదు. ఇక్కడ బ్యాంకులో పనిచేసే ఆయనా ఎర్ర బస్సే ఎక్కుతాడు, ఆ బ్యాంకు ఊడ్చే ఆమే అదే బస్సులో పక్క సీట్లో కూర్చుంటుంది.

నేను తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. ఈ ఊళ్లో బస్సు ఎప్పుడు బాగా నడిచింది, ఎప్పుడు నీరసపడింది, ఎందుకు? బస్సు ఆలస్యమైతే మనం డ్రైవరునో కండక్టరునో తిట్టుకుంటాం. పాత సంగతులు చదివితే మాత్రం వేరే రెండు ప్రశ్నలు కనిపిస్తాయి. బస్సుకయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు? రోడ్డు మీద ఎన్ని బస్సులున్నాయి? మిగతావన్నీ దాదాపు వీటి వెనకాలే వస్తాయి.

బస్సుకన్నా ముందు ట్రాము వచ్చింది. 1873లో బాంబే ట్రామ్‌వే కంపెనీ పెట్టారు. 1874 మే 9న మొదటి ట్రాము నడిచింది. అప్పటికి కరెంటు లేదు, గుర్రాలే లాగేవి. మొదట్లోనే కంపెనీ దగ్గర 900 గుర్రాలు ఉండేవట! వాటికి గడ్డి, దాణా, నీళ్లు, నాడాలు, చూసుకునే మనుషులు, ఎంత ఖర్చో ఊహించుకోండి. కొలాబా నుంచి క్రాఫర్డ్ మార్కెట్ మీదుగా పైధోనీకి ఒక దారి, బోరీబందర్ నుంచి కల్బాదేవి మీదుగా పైధోనీకి ఇంకొక దారి. ఛార్జీ మూడు అణాలు. మొదట్లో టికెట్టే ఇచ్చేవాళ్లు కాదు. తర్వాత ఛార్జీ రెండు అణాలకు తగ్గించారు. డబ్బు ఇవ్వకుండా ఎక్కేవాళ్లు ఎక్కువయ్యేసరికి టికెట్లు కూడా మొదలుపెట్టారు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ మర్చిపోకండి. ఛార్జీ తగ్గించడం మన ఊరి రవాణా చరిత్రలో మొదటి ఏటి నుంచే ఉంది. 145 ఏళ్ల తర్వాత మళ్లీ ఇదే జరుగుతుంది, అక్కడికి వస్తాను.

1905లో బాంబే ఎలక్ట్రిక్ సప్లై అండ్ ట్రామ్‌వేస్ అనే కంపెనీ వచ్చి ట్రాములను కొనేసింది. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితేనే 'బెస్ట్'. 'అన్నిటికన్నా మంచిది' అని అర్థమనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మా పక్కింటి అంకుల్ అందులో ఒకరు. 1907 మే 7న కరెంటు ట్రాము వచ్చింది, గుర్రాలకు సెలవు దొరికింది. పేరును ఇంకోసారి చూడండి. కరెంటు, ట్రాము రెండూ ఒకే కంపెనీవి. ఇళ్లకు, దుకాణాలకు కరెంటు అమ్మేదీ అదే, జనాన్ని మోసేదీ అదే. ముంబయి రవాణా చరిత్ర మొత్తం ఈ జోడింపు మీద నిలబడింది.

ఆ రోజుల్లో మనవాళ్లు ఏం చేసేవారు? తెలుగువాళ్లు ముంబయికి బస్సుకన్నా చాలా ముందే వచ్చారు. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ ఊరి మేడలు కట్టిన కూలీలను, మేస్త్రీలను 'కామాఠీలు' అన్నారు, వాళ్లు ఉన్న పేటే కామాఠీపురా. తర్వాత మిల్లులు పెరిగాక పద్మశాలీలు, ఇంకా ఎందరో వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్, నాయిగావ్ చాళ్లలో సంసారాలు పెట్టారు. మా తాత కూడా అట్లా వచ్చినవాడే. ట్రాము ఎక్కేవాడివా అని అడిగితే ఆయన నవ్వుతాడు. "ట్రాము ఎందుకురా? మిల్లు భోంగా కొట్టిందంటే అయిదు నిమిషాల్ల గేటు కాడ ఉండేటోళ్లం. పైసలు ఇచ్చి ఎక్కెటందుకు మేమేమన్నా సేట్లమా?" అంటాడు. మిల్లు పక్కనే చాలీ, చాలీ పక్కనే దుకాణం. పండగకు గిర్గావ్ పోవాలంటేనో, పెళ్లికి పోవాలంటేనో మాత్రం ట్రాము. ఇది మా తాత ఒక్కడి కథ కాదు. గిరణ్‌గావ్ అంతా అట్లాగే కట్టారు, నడిచి పనికి వెళ్లేటట్టు. ఆయన మాట విన్నాక నాకు ఒక సంగతి తట్టింది. పని దగ్గరుంటే బస్సు సరదాకు, పని దూరమైతే బస్సు బతుకుకు.

1926లో బస్సు వచ్చినప్పుడు అది కొంచెం పెద్దింటివాళ్ల బండిగానే వచ్చింది. మామూలు జనానికి ట్రామే. అయినా ఆ ఏడాది చివరికి 6 లక్షల మంది, 1927లో ఏడాది మొత్తం మీద 38 లక్షల మంది బస్సెక్కారని లెక్కలు చెప్తున్నాయి. 1937లో డబుల్ డెక్కర్ వచ్చింది. 1940లో 'లిమిటెడ్' బస్సు మొదలైంది, అంటే అన్ని స్టాపుల్లో ఆగకుండా ముఖ్యమైన వాటిలోనే ఆగేది. ఈ మాటను మనం ఎంతగా సొంతం చేసుకున్నామంటే, మా ఇంట్లో అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు గానీ "అది లిమిటెడ్, మన స్టాపుల ఆగదు, ఎక్కకు" అని మాత్రం చెప్తుంది.

1947 ఆగస్టు 7న, స్వాతంత్ర్యానికి ఎనిమిది రోజుల ముందు, బొంబాయి మున్సిపాలిటీ ఈ కంపెనీని తీసేసుకుంది. అప్పటికి 23 రూట్లలో 242 బస్సులు ఉన్నాయి. కరెంటు, బస్సు, ట్రాము మూడూ ఇప్పుడు ఊరి ఆస్తి. నా లెక్కలో ఈ వందేళ్లలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. కంపెనీ ఉన్నప్పుడు లాభం రాని రూటు వేయాల్సిన అవసరం లేదు. మున్సిపాలిటీ చేతికి వచ్చాక మాత్రం "మా పేటకు బస్సు ఎందుకు లేదు?" అని అడిగే హక్కు జనానికి వచ్చింది.

1950లో, మళ్లీ 1957లో ఊరి హద్దులు ఉత్తరానికి జరిగాయి, దహిసర్, ములుండ్ దాకా ముంబయి అయింది. బస్సు కూడా వెంట వెళ్లింది. కరెంటు మాత్రం వెళ్లలేదు. బెస్ట్ కరెంటు ఈ రోజుకూ మాహిమ్, సయన్ దాకానే, అంటే పాత దీవి ఊరికే. పైన ఉపనగరాల్లో వేరే కంపెనీలు ఇస్తాయి. దక్షిణాన దుకాణాలు, ఆఫీసులు కట్టిన కరెంటు బిల్లుల్లోంచి వచ్చిన డబ్బు ఉత్తరాన బస్సు నడపడానికి సాయపడేది. చాలా ఏళ్లు ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. బస్సు నడుస్తోంది, ఛార్జీ అందుబాటులో ఉంది, చాలు అనుకున్నారు.

ఈలోగా ట్రాము పోయింది. 1964 మార్చి 31 రాత్రి బోరీబందర్ నుంచి దాదర్ దాకా ఆఖరి ట్రాము నడిచింది. పది గంటల రాత్రి రోడ్డుకు రెండు వైపులా జనం నిలబడి వీడ్కోలు చెప్పారట. మా సైన్సు టీచర్ మమ్మల్ని ఆణిక్ డిపోలో ఉన్న బెస్ట్ మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు అక్కడ ఆ ట్రాముల చిన్న నమూనాలు చూశాం. పాత టికెట్లు, టికెట్ యంత్రాలు కూడా ఉన్నాయి. కండక్టర్లు టికెట్టుకు కన్నం పెట్టే పంచ్‌ను టిక్ టిక్‌మనిపించేవాళ్లు కదా, మా అందరికీ అది చేసి చూడాలనిపించింది. మ్యూజియం చూడని వాళ్లు ఒకసారి తప్పక వెళ్లండి, మన వడాలా పక్కనే.

ట్రాములు రోడ్డుకు అడ్డమని తీసేశారు. కార్లు వేగంగా పోవాలంటే పట్టాలు ఉండకూడదు అన్నారు. ఇప్పుడు పట్టాలు లేవు, కార్లు వేగంగా పోతున్నాయా? మన ఊళ్లో మోటారు బళ్లు 40 లక్షలు దాటాయి. ట్రాము తప్పుకున్న చోటును బస్సుకు ఇవ్వలేదు, అందరికీ వదిలేశారు. అందరికీ అంటే, ఎవరి బండి ఎక్కువ చోటు ఆక్రమిస్తే వాళ్లకు.

ఇక 1982. జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది, దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. సమ్మె గెలవలేదు. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. మనవాళ్లు కొందరు భివండీ పవర్‌లూమ్‌లకు పోయారు, కొందరు ఊరికి తిరిగి వెళ్లారు, ఇక్కడే ఉన్నవాళ్లు దొరికిన పని చేశారు. మిల్లు స్థలాల్లో మాల్స్, ఆఫీసు టవర్లు లేచాయి. ఈ కథ మన పత్రికలో ఇంతకుముందు కూడా వచ్చింది కాబట్టి అంతా చెప్పను. బస్సుకు సంబంధించినంత వరకు జరిగింది ఇది. అయిదు నిమిషాల్లో నడిచి పోయే పని మాయమైంది. మా నాన్న తరానికి పని అంధేరీలోనో, బీకేసీలోనో, పొవాయ్‌లోనో. లోకల్ రైలు ఒక స్టేషన్ నుంచి ఇంకొక స్టేషన్‌కు తీసుకుపోతుంది, ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి పనికి బస్సే దిక్కు. మా బిల్డింగులో ఇళ్లలో పనికి, కుట్టు పనికి వెళ్లే ఆంటీలు ఉన్నారు. వాళ్లు కొత్త పని గురించి మాట్లాడుకునేటప్పుడు జీతం అడిగిన వెంటనే అడిగే రెండో ప్రశ్న "అటు ఏ నంబరు బస్సు పోతది?" అనే.

తాత కాలంలో పనికి వెళ్లడానికి బస్సు అవసరం లేదు, అప్పుడు బస్సు బలపడుతూ వచ్చింది. మనకు బాగా అవసరమైన కాలానికి బస్సు కష్టాల్లో పడింది. 2010 ప్రాంతంలో బెస్ట్ దగ్గర నాలుగు వేలకు పైగా బస్సులు, రోజుకు నలభై లక్షలకు పైగా ప్రయాణికులు ఉండేవారు. తర్వాత ఏమైంది? 2003లో కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. కరెంటు వ్యాపారం లెక్క వేరు, బస్సు లెక్క వేరు అనే వాదన బలపడింది. బస్సు నష్టాన్ని కరెంటు బిల్లులో కలపడం ఏమిటని కోర్టుల దాకా వెళ్లారు. 2010 తర్వాతి దశాబ్దంలో ఆ వసూలు ఆగిపోయింది. ఈ వాదనలో న్యాయం లేదని నేను అనను. నేను ఫ్యాను వేసుకుంటే ఇంకొకరి బస్సు ఖర్చు నేను ఎందుకు కట్టాలి అని ఎవరైనా అడగొచ్చు. కానీ ఆ డబ్బు ఆపేటప్పుడు, దాని బదులు ఇంకే డబ్బు వస్తుందో ముందే తేల్చాలి కదా. మంచం కోళ్లలో ఒకటి తీసేసి, రెండోది తర్వాత చూద్దాం అంటే మంచం నిలబడుతుందా?

నష్టం పూడ్చడానికి 2015లో రెండుసార్లు ఛార్జీ పెంచారు. కనీస ఛార్జీ 8 రూపాయలైంది. షేర్ టాక్సీ, షేర్ ఆటో దాదాపు అంతకే దొరుకుతుంటే, పైగా వెంటనే కదులుతుంటే, బస్సు కోసం ఎవరు నిలబడతారు? జనం తగ్గారు. జనం తగ్గారని ఆదాయం తగ్గింది. ఆదాయం తగ్గిందని పాతబడిన బస్సుల బదులు కొత్తవి రాలేదు. బస్సులు తగ్గాయని జనం ఇంకా తగ్గారు. ఇట్లా ఒకదాని తోక ఇంకొకటి మింగుతూ పోయింది. 2019 జనవరిలో తొమ్మిది రోజులు బస్సుల సమ్మె కూడా జరిగింది.

అప్పుడు జరిగింది నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. 2019 జులై 9న ఛార్జీలు ఒక్కసారిగా తగ్గించారు. 5 కిలోమీటర్ల దాకా 5 రూపాయలు, 10 కిలోమీటర్లకు 10, 15 కిలోమీటర్లకు 15, ఆపైన ఎంత దూరమైనా 20. ఏసీ బస్సు 6 రూపాయల నుంచి. మున్సిపాలిటీ డబ్బు ఇస్తానంది, దానికి షరతులు పెట్టింది: ఛార్జీ తగ్గించాలి, అద్దె బస్సులు తెచ్చి బస్సుల సంఖ్య పెంచాలి. తగ్గించక ముందు రోజుకు 17 లక్షల చుట్టూ ఉన్న ప్రయాణికులు కొన్ని నెలల్లోనే ముప్పై లక్షల దాకా పెరిగారు. "ముంబయి వాళ్లకు బస్సు ఇష్టం పోయింది, అందరూ ఓలా, ఊబర్ అంటున్నారు" అని చెప్పిన పెద్దవాళ్లకు ఇది జవాబు. ఇష్టం ఎక్కడికీ పోలేదు. 1874లో మూడు అణాలను రెండు చేసిన కంపెనీవాళ్లు బతికుంటే ఆశ్చర్యపోయేవాళ్లు కాదు.

తర్వాత కోవిడ్. 2020 మార్చిలో లోకల్ రైళ్లు ఆగిపోయినప్పుడు నర్సులను, మున్సిపాలిటీ సఫాయి కార్మికులను ఆసుపత్రులకు, పనులకు చేర్చింది ఈ ఎర్ర బస్సే. ఆ పని చేస్తూ చాలామంది ఉద్యోగులు జబ్బుపడ్డారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లకు ఈ వ్యాసంలో నమస్కారం పెట్టకుండా ముందుకు పోను.

2019లో వేసిన లెక్కలో సగమే నిలబడింది. ఛార్జీ తగ్గింది గానీ బస్సులు అనుకున్నంత పెరగలేదు. అద్దె బస్సు పద్ధతిలో బస్సు, డ్రైవరు రెండూ కాంట్రాక్టరువి, కిలోమీటరుకు ఇంత అని బెస్ట్ కడుతుంది. కొత్త బస్సు కొనే పెద్ద ఖర్చు ఒకేసారి నెత్తిన పడదు, అది లాభం. కానీ కాంట్రాక్టరుకు గిట్టక వెళ్లిపోతే ఆ బస్సులన్నీ ఒక్కరోజులో రోడ్డు మీద నుంచి పోతాయి, ఈ మధ్య కొందరు అట్లా వెళ్లిపోయారు కూడా. సొంత బస్సులు 3,337కు తగ్గకూడదని 2019లో ఉద్యోగుల సంఘంతో ఒప్పందం జరిగింది. 2025 నాటికి సొంత బస్సులు వెయ్యి కూడా లేవు. 2024 డిసెంబర్ 9 రాత్రి కుర్లాలో ఒక అద్దె ఎలక్ట్రిక్ బస్సు జనం మీదికి దూసుకుపోయి పలువురు చనిపోయారు. ఆ తర్వాతే డ్రైవర్ల శిక్షణ ఎవరి బాధ్యత అని ఊరంతా గట్టిగా అడిగింది. అడగాల్సిన ప్రశ్నే, ఇంకా ముందే అడగాల్సింది.

2023 సెప్టెంబర్ 15న పాత డీజిల్ డబుల్ డెక్కర్ ఆఖరిసారి నడిచింది. జనం పూలదండలు వేశారు, ఫోటోలు దిగారు, కొందరి కళ్లలో నీళ్లు కూడా. నాకూ ఆ పై అంతస్తు ముందు సీటు అంటే ప్రాణం. కానీ ఒక మాట అనకుండా ఉండలేను. ఒక రకం బస్సు పోతుంటే ఇంతమంది బాధపడ్డాం, మొత్తం బస్సులు నాలుగు వేల పైనుంచి మూడు వేలకు దిగువన పడిపోతుంటే ఎవరూ దండ వేయలేదు.

బస్సుల సంఖ్య ఎందుకంత ముఖ్యమో మా లెక్కల సార్ బోర్డు మీద వేసి చూపించారు. ఒక బస్సు అటు వెళ్లి ఇటు తిరిగి రావడానికి 90 నిమిషాలు పడుతుందనుకోండి. 10 నిమిషాలకొక బస్సు కావాలంటే 90ని 10తో భాగించాలి, 9 బస్సులు. ఇప్పుడు ట్రాఫిక్ పెరిగి అదే దారికి 120 నిమిషాలు పట్టింది. బస్సులు అవే 9. 120ని 9తో భాగిస్తే 13 నిమిషాల పైన. అంటే ఒక్క బస్సు కూడా తగ్గించకుండానే, ఒక్క డ్రైవరు కూడా సెలవు పెట్టకుండానే బస్సు ఆలస్యమైపోయింది! మళ్లీ 10 నిమిషాలకొకటి రావాలంటే 12 బస్సులు కావాలి, మూడు కొత్తవి కొనాలి. లేదా బస్సుకు రోడ్డులో ఒక వరస కేటాయించి మళ్లీ 90 నిమిషాలకు తేవాలి. రెండో దానికి పెయింటు, పోలీసు, గట్టి మనసు ఉంటే చాలు అన్నారు సార్. తర్వాత "మూడోది దొరకడం కష్టం" అని నవ్వారు.

చాలాసేపు ఒక్క బస్సూ రాక, తర్వాత ఒకే నంబరువి మూడు వరసగా వస్తాయి కదా, దాని గుట్టు కూడా ఇందులోనే ఉంది. ముందు బస్సు సిగ్నల్ దగ్గర కొంచెం ఆలస్యమైతే తర్వాతి స్టాపులో ఎక్కువమంది పోగవుతారు. వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనక బస్సుకు ఎక్కేవాళ్లు తక్కువ, అది త్వరగా వచ్చి ముందుదాన్ని పట్టేస్తుంది. ఇందులో ఏ డ్రైవరు తప్పూ లేదు.

2025 మే 9 నుంచి కనీస ఛార్జీ 5 నుంచి 10 రూపాయలైంది, ఏసీ 6 నుంచి 12. తేదీ గమనించారా? 1874లో మొదటి గుర్రపు ట్రాము నడిచింది కూడా మే 9నే. కావాలని చేసి ఉండరు లెండి. ఆరేళ్లు పెంచలేదు, డీజిలూ జీతాలూ పెరిగాయి, ఎంతో కొంత పెంచాల్సిందే అని మా నాన్న అంటాడు. ఆ మాట నిజమే. కానీ రెట్టింపు చేయడం వేరు, కొంచెం పెంచడం వేరు. రోజుకు రెండు బస్సులు మారే మనిషికి రానూ పోనూ 20 రూపాయలు 40 అవుతాయి, నెలకు 25 రోజులు పనికి వెళ్తే 500 ఎక్కువ.

ఇటు తెలంగాణలో ఉన్న మా మేనత్త వాళ్లది ఇంకో రకం అనుభవం. అక్కడ 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మొదట్లో కరీంనగర్ బస్సులో కాలు పెట్టే చోటు ఉండేది కాదని ఆమె చెప్పింది. పుట్టింటికి ఏడాదికి ఒకసారి వెళ్లే ఆమె ఇప్పుడు నెలనెలా వెళ్తోంది. ఛార్జీ తీసేస్తే జనం వస్తారు, వాళ్లకు సరిపడా బస్సులు కూడా రావాలి. ఈ రెంటిలో ఒకటే చేస్తే చాలదని అక్కడా ఇక్కడా కనబడుతోంది.

డబ్బు ఎక్కడిది అని అడుగుతారు. మన మున్సిపాలిటీ 2025-26 బడ్జెట్ 74 వేల కోట్ల రూపాయల పైన, అందులో బెస్ట్‌కు ఇస్తామన్నది 1,000 కోట్లు. వంద రూపాయల్లో రూపాయిన్నర కూడా కాదు. సముద్రం పక్కన కట్టిన కోస్టల్ రోడ్డుకు 13 వేల కోట్లకు పైగా ఖర్చయింది. రోడ్డు బాగుంది, నేను కాదనను. కానీ ఆ రోడ్డు ఎంత నష్టంలో ఉందని ఏ పేపరూ రాయదు, బస్సు ఎంత నష్టంలో ఉందో మాత్రం ప్రతి ఏడాదీ రాస్తుంది. వీధి దీపానికి లాభం అడగం, ఫ్లైఓవరుకు లాభం అడగం, బస్సును మాత్రం ఎందుకు అడుగుతాం?

మన బడికి ఇందులో ఏం పని అనుకునేవాళ్లకు ఇప్పుడు చెప్తాను. ముంబయి మున్సిపాలిటీ బడులు నడిపే ఎనిమిది భాషల్లో తెలుగు ఒకటి. అదే మున్సిపాలిటీది బస్సు కూడా. మరాఠీ బడి, ఇంగ్లీషు బడి ప్రతి పేటలో ఉంటాయి, నడిచి వెళ్లొచ్చు. తెలుగు మీడియం బడి అట్లా కాదు, ఊరంతటికీ కొన్నే. ఉన్నవాటిలో పిల్లలు తగ్గితే పక్కదానిలో కలుపుతారు, అప్పుడు దూరం ఇంకా పెరుగుతుంది. మా తరగతిలో వర్లీ నుంచి వచ్చేవాళ్లున్నారు, ధారావి నుంచి, ఆంటాప్ హిల్ నుంచి, చెంబూర్ నుంచి వచ్చేవాళ్లున్నారు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు ఉండాలంటుంది, సివిక్స్‌లో చదివాం. తల్లిదండ్రులు మాత్రం జూన్‌లో బడిలో చేర్చేటప్పుడు రాజ్యాంగాన్ని చూడరు. "పాప ఒక్కతే పోగలదా, బస్సు మారాల్సి వస్తదా?" అని చూస్తారు. ఒకే బస్సు నేరుగా ఉంటే తెలుగు బడి, రెండు మారాలంటే ఇంటి పక్కన ఇంగ్లీషు బడి. మన భాష ఈ ఊళ్లో ఇంకో తరం ఉంటుందా అనేది సాహిత్య సభల్లో ఎంత తేలుతుందో తెలియదు గానీ, బస్ స్టాపులో కొంత తేలుతోంది.

2025 అక్టోబరులో మెట్రో 3 పూర్తిగా తెరిచారు, ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా. వర్లీ, సిద్ధివినాయక్ దగ్గర మనవాళ్ల పేటల కిందనుంచే పోతుంది. చల్లగా, వేగంగా ఉంది. అయితే మెట్రో దిగాక ఇంటి దాకా చేర్చే చిన్న రూట్లు ఉంటేనే అది మన పేటలకు పూర్తిగా పనికొస్తుంది. దూరం రూట్లు రైలుకు, మెట్రోకు వదిలి, చిన్న రూట్లలో తరచుగా బస్సులు తిప్పాలని కొందరు అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. బస్సు మారిన ప్రతిసారీ మళ్లీ ఛార్జీ, మళ్లీ ఎదురుచూపు. ఒకే టికెట్టుతో మారే వీలు ఉంటే ఆ మాట బాగుంటుంది, లేకపోతే మా అమ్మమ్మలాంటి వాళ్లకు నేరుగా పోయే పాత బస్సే మేలు.

మా తరగతిలో మేం ఒక పని మొదలుపెట్టాం. ఎవరు ఏ స్టాపులో, ఏ నంబరు బస్సు, ఎన్ని గంటలకు ఎక్కుతారో పెద్ద చార్టు మీద రాసి గోడకు అంటించాం. ఆరో తరగతి, ఏడో తరగతి వాళ్లు కూడా వచ్చి తమ పేర్లు చేర్చారు. ఉదయం బడి మొదలయ్యే వేళకు, మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు, సాయంత్రం వదిలే వేళకు ఏ దారిలో ఎక్కువమంది ఉన్నారో ఇప్పుడు చూడగానే తెలుస్తోంది. ఈ చార్టు నకలుతో పాటు, ఆ వేళలకు బస్సు సమయాలు సర్దమని ఒక అర్జీ డిపోకు ఇవ్వాలని తల్లిదండ్రుల సమావేశంలో అనుకున్నారు. బస్సు కావాలని అడగడం కాదు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందికో చూపించి అడగాలని హెడ్మాస్టర్ గారు అన్నారు. అర్జీ మరాఠీలో రాస్తున్నాం. మా మరాఠీ టీచర్ ఇప్పటికి రెండుసార్లు ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి ఇచ్చారు, మూడో ప్రతి ఈ శనివారం ఇస్తాం.